రెండూ ఎడమవే

ఆ ఏడు వానలు పట్టుకున్నాయంటే మరి వదల్లేదు. బూట్లు కుట్టేవాళ్లకి వానంటే సగం లాభం, సగం తలనొప్పి. తడిసి నోళ్లు తెరిచిన బూట్లు చంకన పెట్టుకుని జనం వరస కడతారు, అది బాగానే ఉంటుంది. కొత్త జతకి పూసిన జిగురు మాత్రం ఎంతకీ ఆరదు. కొట్టు వెనకగదిలో అన్నయ్య తోలు కోసేవాడు, నేను మిషను మీద బూటు పైభాగాలు కుట్టేదాన్ని. ముందుగదిలో వదిన బేరాలు చూసుకునేది. వదిన మాటల పుట్ట. ఆవిడ దగ్గర బేరమాడి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అన్నయ్యకీ నాకూ మధ్య, నేల మీద, వాళ్ల కూతురు కూర్చునేది. బడి లేనప్పుడల్లా దాని చోటు అదే.

నా సంగతంటారా, మొగుడితో సరిపడక పుట్టింటికి వచ్చేసినదాన్ని. మాట పడే రకాన్ని కాను. అది ఇక్కడితో చాలు.

మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. బూటు పైభాగానికి కొలత అట్ట ఒకటే ఉంటుంది. దాన్ని తోలు మీద పెట్టి ఎడమకాలిది కోస్తాం. తర్వాత ఆ అట్టనే తిరగేసి పెట్టి కుడికాలిది కోస్తాం. తిప్పడం మర్చిపోయామా, రెండూ ఒకే కాలివి వస్తాయి, మంచి తోలు చెత్తలో కలుస్తుంది. అందుకే మా నాన్న రోజుల నుంచీ మా కొట్టులో ఒకటే మాట, "తిప్పావా?" అన్నయ్యకి అది ఎంత అలవాటంటే, రాత్రి నేను తలుపుకి తాళం వేస్తున్నా "తిప్పావా?" అనే అడిగేవాడు.

కోసిన ముక్కలన్నీ కలగాపులగంగా నేల మీద పడేవి. రకరకాల కొలతలు, రకరకాల వంపులు. వాటిలోంచి ఎడమదానికి దాని కుడిది వెతికి నాకు అందించడం పిల్ల పని. ఎవరూ నేర్పలేదు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకునేది కూడా కాదు. కుప్ప వంక ఒక చూపు చూసేది, చెయ్యి పెట్టి తీసేది, నా ఒళ్లో జత పడేది. అది ఇచ్చిన జతని నేనెప్పుడూ సరిచూసుకోలేదు. ఆ అవసరం రాలేదు.

దానికి బడిలో మంచి పేరే ఉంది. వీధిలో మాత్రం అందరూ నత్త అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది పక్క కొట్టు తాళాలాయన. ఏదడిగినా పిల్ల వెంటనే చెప్పదు. "భోంచేశావా తల్లీ" అన్నా ఒక్క క్షణం నిలబడి ఆలోచించేది. "సరేలే, రేపు పొద్దున వచ్చి జవాబు తీసుకుంటాను" అని ఆయన నవ్వేవాడు. మేమిద్దరం బజారుకి బయల్దేరితే "అదుగో, అత్తా నత్తా వెళ్తున్నారు" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. పిల్లకీ నవ్వొచ్చేది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం పిల్ల టీచరమ్మ కొట్టుకి వచ్చింది. బూట్లు బాగుచేయించుకోవడానికేమో అనుకుని వదిన స్టూలు వేసింది. ఆవిడ కూర్చుని, గొడుగు నీళ్లు కారుతుంటే ఒద్దికగా పక్కకి జరిపి, "మీ అమ్మాయి నన్నో ప్రశ్న అడిగిందండీ" అంది.

"తప్పుగా ఏమైనా మాట్లాడిందా?" వదిన గాభరాపడింది.

"అయ్యో, లేదు. అద్దంలో మన కుడి ఎడమవుతుందని క్లాసులో చెప్పాను. అందరూ విని ఊరుకున్నారు. ఇది రెండు రోజులు పోయాక వచ్చి, 'అద్దం కుడినీ ఎడమనీ మారుస్తుంది కదా టీచర్, మరి తలనీ కాళ్లనీ ఎందుకు మార్చదు' అంది. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడ్డాను. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు."

అన్నయ్య తలెత్తకుండానే, "పిల్లలు ఏవో అడుగుతుంటారు లెండి" అన్నాడు.

"ఇలాంటివి అడగరండీ. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇలాంటి పిల్లల్ని ఏరి చదివించే బడి ఒకటుంది. నగరం నుంచి ఒకావిడ వచ్చి పరీక్ష పెడుతుంది. మన బడి నుంచి దీని పేరు పంపుతాను. గెలిస్తే అక్కడే ఉండి చదువుకోవాలి."

"మా నత్తకి పరీక్షా? ప్రశ్న అర్థమయ్యేలోపు గంట కొట్టేస్తారు" అన్నాను నేను.

టీచరమ్మ నవ్వలేదు. "దానికి మాట ఆలస్యం, అంతే" అంది.

వదిన ముఖం అప్పటికే దీపంలా ఉంది. అన్నయ్య కత్తి మాత్రం "అక్కడే ఉండి" అన్న మాట దగ్గర ఆగిపోయింది.

పరీక్ష అయ్యేలోపే వదిన ఆ సంగతి వీధంతా టముకు వేసింది. బూటు బాగుచేయించుకోవడానికి వచ్చినవాడికల్లా చెప్పింది. ఒకాయన పాపం, బూటు తీసుకుని వెళ్లబోతూ మళ్లీ మొదటినుంచీ వినాల్సి వచ్చింది. పిల్ల మాత్రం పరీక్ష రోజు మామూలుగా వెళ్లి మామూలుగా వచ్చింది. "ఎలా రాశావే?" అంటే ఆలోచించి, "బొమ్మలవి బాగున్నాయి అత్తా. జతలు" అంది. జతలైతే ఇంకేం, అది మన పనే కదా అనుకున్నాను.

ఫలితం చెప్పడానికి టీచరమ్మే వచ్చింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు.

"బొమ్మల జతల్లో ఒక్కటీ సరిగ్గా చెయ్యలేదండీ. మిగతా భాగాలు టైము చాలక సగంలో వదిలేసింది. మొత్తం మీద అందరికంటే కింద వచ్చింది." ఇక్కడితో అయిపోతే బాగుండేది. "ఆ మార్కులు చూసి పెద్ద మాస్టారు దీన్ని చివరిగదికి మార్చమన్నారు. నేను వద్దనే చెప్పాను. వినలేదు."

చివరిగదంటే ఏమిటో మాకు తెలుసు. చదువు ఎక్కని పిల్లల్ని కూర్చోబెట్టే గది అది. అక్కడికి వెళ్లిన పిల్లలు తిరిగి పాత క్లాసుకి రాగా మేమెవరం చూడలేదు.

"మేమడిగామా పరీక్ష?" వదిన విసురుగా లేచింది. "ఏదో మా మానాన మేముంటే వచ్చి ఆశపెట్టారు. ఇప్పుడు పిల్లని మొద్దుల్లో కలిపారు. మీ పుణ్యమా అని వీధిలో తలెత్తుకోలేను." ఆపైన మాటల పుట్టలాంటి మా వదినకి మాట రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. టీచరమ్మ వానలోనే గొడుగు విప్పకుండా వెళ్లిపోయింది.

అన్నయ్య కత్తి నూరుకుంటూ, "పోనీలే. దానికి మన పనుంది" అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు. అతని భుజాలు కిందికి దిగడం నేను చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది.

"పిల్ల ఓడిపోతే నీకు హాయిగా ఉందా అన్నయ్యా?"

"ఓడిపోయిందని కాదే." కత్తి మీంచి చూపు తియ్యలేదు. "ఇంట్లో ఉంటుంది కదా అని."

నేను అటు తిరిగి కూర్చున్నాను. మిషను తొక్కాను.

ఆ తర్వాతి రోజుల్లో మా పిల్ల కొంచెం కొంచెంగా ఆరిపోతూ వచ్చింది. ఆలస్యంగానైనా వచ్చే ఆ నవ్వు రావడం మానేసింది. ప్రశ్నలు లేవు. అడిగినదానికి ఇప్పుడు వెంటనే జవాబు చెప్పేది, "ఊ" అనో "తెలీదు" అనో. వదిన దానికే సంబరపడింది, పిల్లకి చురుకొచ్చిందని. నాకు మాత్రం ఆ చురుకు నచ్చలేదు. ఒకరోజు తాళాలాయన అలవాటుగా "ఏమ్మా నత్తా" అంటే తల దించుకుని ఆయన ముందు నుంచి వెళ్లిపోయింది. పాపం ఆయన చేతిలో తాళం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మళ్లీ ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు.

ఒక మధ్యాహ్నం కుండపోతగా పడుతోంది. పిల్ల ముక్కలు అందిస్తోంది, నేను కుడుతున్నాను. మొదటిది కుట్టేసి రెండోది సూది కిందికి తోస్తుంటే దాని వంపు నా చేతికి ఎదురు తిరిగింది. మిషను ఆపి చూశాను. పక్కన పెట్టిన ఇంకో నాలుగు జతలు తీసి చూశాను. అన్నీ అంతే.

"ఏమే, రెండూ ఎడమవే ఇచ్చావు."

"అవును" అంది.

"అవునంటావేంటే? జత ఇమ్మన్నాను కదా?"

"అదే జత అత్తా." నా ముఖం వంక చూడకుండా చెప్పింది. "చివరిగదిలో కార్డులున్నాయి. ఒకేలా ఉన్నవి జత. నేను పెట్టేవి తప్పట. రోజూ తీసేసి మళ్లీ పెట్టిస్తున్నారు. ఇప్పుడు నాకు వచ్చేసింది."

వచ్చేసింది అన్నప్పుడు దాని గొంతులో సంతోషం లేదు. బరువు దింపుకున్నవాళ్ల గొంతులా ఉంది. నాకేమో కోపం నషాళానికంటింది. చక్కటి చేతిని పాడుచేసి పంపిస్తున్నారు, ఇదేం బడి అనుకున్నాను. ఆ రెండు ఎడమ ముక్కలూ సంచిలో వేసుకుని, తల మీద గోనెపట్టా కప్పుకుని ఆ వానలోనే బయల్దేరాను.

బడి వరండాలో టీచరమ్మ కనబడగానే ఒంటికాలి మీద లేచాను. "చదువు చెప్పకపోతే మానె, వచ్చిన పని చెడగొడతారేంటండీ? ఇదిగో చూడండి, ఎలా కలిపి ఇచ్చిందో. ఒకేలా ఉన్నవే జతని మీ చివరిగదిలో నూరిపోశారట."

ఆవిడ ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుంది. తిప్పి తిప్పి చూసింది. "మీ ఇంట్లో జతంటే ఏంటండీ?" అని నెమ్మదిగా అడిగింది.

"జతంటే జతే. ఒక ఎడమది, దాని కుడిది. రెండూ ఎడమవైతే జతెలా అవుతుంది? అట్ట తిప్పకపోతే అలా వస్తాయి. పారెయ్యాలి."

"అట్ట తిప్పకపోతే" అని ఆవిడ నా మాటే మళ్లీ అంది. పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. "నేనే చదివి వినిపించానండీ. 'కింది బొమ్మలను జతపరచండి' అని. మీ పిల్ల నా వంకే చూస్తోంది, అర్థం కాలేదేమోనని ఇంకోసారి చదివాను."

నా కోపం సగంలో ఆగిపోయింది. ఆవిడ చెబుతుంటే విన్నాను. ఒక్కో బొమ్మకీ ఎదురుగా కొన్ని బొమ్మలుంటాయట. వాటిలో ఒకటి అచ్చం దానిలాంటిది. ఇంకొకటి దాన్నే తిరగేసింది, పిల్లలు తడబడతారో లేదో చూడటానికి కావాలని పెట్టింది. మా పిల్ల ప్రతిదానికీ ఆ తిరగేసినదాన్నే పట్టుకుంది.

"ఒక్కటీ సరిగ్గా చెయ్యలేదని మీ గుమ్మంలో నిలబడి చెప్పాను" అంది టీచరమ్మ. "ఒక్కటి కూడా తప్పలేదండీ. నేనైతే అన్ని పట్టుకోలేను. అంత తెలివిని చేతులారా తీసుకెళ్లి చివరిగదిలో కూర్చోబెట్టాం." ఆవిడ ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఇద్దరం ఆ వరండాలో వాన చూస్తూ కూర్చున్నాం.

మర్నాడు ఆవిడ ఆ ఎడమ ముక్కల్ని పెద్ద మాస్టారి ముందు పెట్టింది. పరీక్ష పరీక్షే, ఒక్కరి కోసం మార్చమంటే ఎలా అన్నాడాయన. ఆవిడ సెలవు పెట్టి బస్సెక్కి నగరం వెళ్లింది. పరీక్ష పెట్టినావిణ్ణి పట్టుకుంది. ఒకసారి కుదరదన్నారట, ఇంకోసారి రేపు రమ్మన్నారట. చివరికి ఎలా ఒప్పించిందో నాకు చెప్పలేదు కానీ, వానలు తగ్గుముఖం పట్టేవేళకి ఆ పరీక్షలావిడ మా బడికి వచ్చింది. నన్ను గుమ్మం పక్కన కూర్చోనిచ్చారు, నోరు విప్పకూడదన్న షరతు మీద. నాకది ఎంత కష్టమో వాళ్లకి తెలియదు.

పరీక్షలావిడ ముందుగా చేతి వాచీ తీసి సంచిలో వేసేసింది. బల్ల మీద కార్డులు పరిచి, "వీటిని జత చెయ్యమ్మా" అంది.

పిల్ల చూస్తూ నిలబడింది. బయట చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎంతసేపు గడిచినా పిల్ల చెయ్యి కదలదు. చివరిగదిలో నేర్పింది గుర్తొచ్చి ఒకేలా ఉన్నవి పెట్టేస్తుందేమో, లేకపోతే భయపడి తెలీదంటుందేమోనని కూర్చున్నచోటి నుంచి సగం లేచాను. ఒకసారి నోరు తెరవబోయాను కూడా. టీచరమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ జతా, మా జతా?" అని అడిగింది పిల్ల.

ఆవిడ నవ్వలేదు. కలం కింద పెట్టింది. "మీది నాకు తెలీదు. ముందు అది చూపించు."

పిల్ల కార్డులు పెట్టింది, ఎడమదానికి కుడిది, ఎడమదానికి కుడిది. మా కొట్టు నేల మీద ఎలా తీసేదో అలాగే, తడుముకోకుండా. ఆవిడ ఒక్కో జతా వంగి చూసింది. "ఇప్పుడు మాది" అంది. పిల్ల వాటన్నిటినీ కలిపేసి, ఒకేలా ఉన్నవి పక్కపక్కన పెట్టింది. అయిపోయిందనుకుని పరీక్షలావిడ కార్డులు తియ్యబోతుంటే, పిల్ల తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకోటి కూడా ఉంది."

"ఇంకోటా?"

కార్డుల్ని తలకిందులుగా తిప్పి, పక్కకి తిప్పి, కొత్తగా పేర్చడం మొదలుపెట్టింది. అది ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. టీచరమ్మకీ కాలేదనుకుంటాను. పరీక్షలావిడ మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఇది ఎవరి జత?" అని అడిగింది చాలాసేపటికి.

"ఎవరిదీ కాదు. నేననుకున్నది."

చాలా రోజుల తర్వాత పిల్ల నవ్వింది. పరీక్షలావిడ వెళ్లబోతుంటే ఆవిణ్ణి కూడా ఆ అద్దం ప్రశ్న అడిగింది. ఆవిడ చేతి సంచి మళ్లీ బల్ల మీద పెట్టి, "దీని గురించి కూర్చుని మాట్లాడుకునేవాళ్లు అక్కడున్నారు. నువ్వొస్తే అందరం మాట్లాడుకుందాం" అంది.

సీటు వచ్చిందని చెప్పడానికి టీచరమ్మ మూడోసారి మా కొట్టుకి వచ్చింది. ఈసారి వదినే ఎదురెళ్లి ఆవిడ చేతిలో గొడుగు అందుకుంది. అన్నయ్య తోలు మీద అట్ట పెట్టి, కొయ్యకుండా కూర్చున్నాడు.

"ఇక్కడే ఉండి చదివితే కాదా అండీ? మీరున్నారు కదా."

"ఉంటే ఉంటుందండీ, బాగానే ఉంటుంది. కానీ దానికి నేను చెప్పగలిగింది అయిపోవచ్చింది" అంది టీచరమ్మ. ఆ మాట చెప్పడం ఆవిడకి తేలిక కాలేదని ముఖం చూస్తే తెలిసింది.

అన్నయ్య కూతురి వంక తిరిగాడు. "వెళ్తావా?"

పిల్ల ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు. వదిన కూడా పెదవి బిగబట్టుకుని నిలబడింది.

"వెళ్తాను నాన్నా."

అన్నయ్య తోలు మీంచి అట్ట తీసి పక్కన పెట్టాడు. తర్వాత గూట్లోంచి కొలతల టేపు తీసి, "కాలు ఇటు పెట్టు" అన్నాడు.

బూట్లు కుట్టేవాడి కూతురే గానీ దానికెప్పుడూ కొలతకి కుట్టిన జత లేదు. ఎవరో చేయించుకుని తీసుకెళ్లనివే తొడుక్కునేది. ఈసారి అన్నయ్య అటక మీద దాచిన ముదురు గోధుమరంగు తోలు దింపాడు. ఎవరికోసం దాస్తున్నావని ఎన్నిసార్లడిగినా చెప్పనిది అదే. వాన వెలిసింది, వెనకగదిలోకి ఎండ పడుతోంది. అతను కోస్తున్నంతసేపూ నేను పలకరించలేదు. కోసిన ముక్కల్ని మామూలుగానే నేల మీద పడేశాడు. పిల్ల మామూలుగానే తీసింది.

నా ఒళ్లో మాత్రం ఏమీ పడలేదు.

చూస్తే పిల్ల రెండు ముక్కలూ చెరో చేతిలో పట్టుకుని తండ్రి వంక చూస్తోంది. చాలాసేపు చూసింది.

"నాన్నా, ఇది బడి జతా?"

అన్నయ్య ముక్కలు అందుకున్నాడు. రెండూ ఎడమవే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మా చెవిన ఇల్లు కట్టుకుని "తిప్పావా" అని పోరినవాడు, తన కూతురి బూట్లకి అట్ట తిప్పడం మర్చిపోయాడు. నేను ఏదో ఒకటి అని ఏడిపించేదాన్నే. అతని ముఖం చూసి మానుకున్నాను.

"తిప్పలేదమ్మా" అన్నాడు. "తిప్పలేకపోయాను." పిల్లని దగ్గరికి లాక్కుని, దాని తల మీద ముఖం ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ముందుగదిలోంచి వదిన వచ్చి చూసి, పక్కన కూర్చుంది.

ఆ ముదురు తోలులో కుడిదానికి సరిపడా మిగల్లేదు. ఇంకో తోలులోంచి కోశాడు, రంగు కాస్త లేత. రాత్రికి కుట్టి పూర్తిచేశాను. పొద్దున పిల్ల ఆ బూట్లు తొడుక్కుని నాలుగడుగులు వేసి చూసుకుంది. వెలుతురులో ఒకటి ముదురు, ఒకటి లేత. వదిన నొచ్చుకుంది. పిల్ల బాగున్నాయంది, ఈసారి ఆలోచించకుండానే. తాళాలాయన కొట్టు ముందు ఆగి, "వెళ్లొస్తాను తాతయ్యా, నత్తని" అంది. ఆయన గబగబా లోపలికి వెళ్లి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

బస్సు ఎక్కించి వచ్చాక కొట్టు ఊడ్చాను. మిగిలిపోయిన ఆ రెండో ఎడమ ముక్క బల్ల కింద దొరికింది. మంచి తోలు, నాలుగు బూట్లకి అతుకులవుతుంది. కత్తెర తీసుకున్నాను.

"దాన్ని ముట్టుకోకు" అన్నాడు అన్నయ్య.

"దీన్ని ఏం చేసుకుంటావు? జత లేదు కదా దీనికి."

అతను లేచి వచ్చి నా చేతిలోంచి ముక్క తీసుకున్నాడు. కిటికీ పక్క మేకుకి తగిలించి, నలగకుండా బొటనవేలితో సాపు చేశాడు.

"ఉంది. కాస్త దూరం వెళ్లింది, అంతే" అన్నాడు.